ఊరికంటె ముందు చెఱువు

అనంతపురమునకు ఆ పేరెట్లు కలిగినదని పఠనమందిరములో ఎవరినైన అడిగి చూడుడు. ఒకరు దేవుని పేరు చెప్పుదురు. ఒకరు రాణి పేరు చెప్పుదురు. పెక్కుమంది పత్రిక మడిచి ఊరకుందురు. చెఱువు పేరెత్తువారు అరుదు. ఆ చెఱువే లేనిచో ఈ పట్టణమే లేదనుట మన పట్టణవాసులకు వింతగా తోచవచ్చును. స్థానిక చరిత్రము చెప్పునదేమనగా, విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కాలమున, 1364 ప్రాంతమున, ఆయన మంత్రి చిక్కప్ప వొడెయరు పండమేరు వంకకు అడ్డముగా పెద్ద కట్ట వేయించెను. ఆ కట్టకు ఒక కొన బుక్కరాయసముద్రము, రెండవ కొన అనంతసాగరము అను రెండు ఊళ్లు వెలసినవి. మొదటిది రాజు పేరు, రెండవది రాణి అనంతమ్మ పేరు. ఆ అనంతసాగరమే నేటి అనంతపురము. ఊరికి చెఱువు త్రవ్వుట లోకమెల్ల నెఱిగిన సంగతి. ముందు చెఱువు గట్టి, దానికి కాపుగా ఊరిని నిలుపుట ఈ కఱవు పీఠభూమిలోని విశేషము.

ఈ సీమలో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘములు పడమటి కనుమలకు తగిలి, తమ భారమును అక్కడనే దించుకొని, వట్టి గాలిగా ఇటు వచ్చును. ఈశాన్య మేఘములు తూర్పు తీరమున కురిసి అలసినగాని ఇంతదూరము రావు. కురిసెడి ఆ కొంచెమైనను నెలనెలకు పంచుకొని కురియదు. నాలుగు నాళ్లలో కుమ్మరించి నలువది నాళ్లు ముఖము చాటుచేయును. కనుక ఇచట బ్రతుకుట యనగా ఆ నాలుగు నాళ్ల నీటిని పట్టుకొనుట. సముద్రమునకు నూటయేబది మైళ్లకు పైబడిన దూరమున నున్న నేలలో ఊళ్ల పేళ్లకు ఇన్ని సముద్రములు, ఇన్ని సాగరములు అంటుకొని యుండుటకు కారణ మిదియే. బయటివారు విని నవ్వుదురు. మనము నవ్వరాదు.

విజయనగర రాజ్యపు తొలి తరములలోనే, 1364, 1369, 1388 అను మూడు సంవత్సరములకు సంబంధించి, ఈ పెన్నా పరీవాహమున నీటి పనులను గుఱించి మూడు సాక్ష్యములు మనకు మిగిలినవి. ఒకటి నోటి కథ. రెండు రాతి శాసనములు. కథను ఊరెల్ల నెఱుగును. శాసనములను పండితులు తప్ప ఎవ్వరు నెఱుగరు. మన పట్టణముల నేటి అవస్థకు ఈ భేదమే కొంత కారణమని మా యభిప్రాయము.

కథ ముసలమ్మది. ఒక యేట వాన మితిమీఱి కురిసి, చెఱువు నిండి, కట్టకు గండి పడినది. ఊరివారు మట్టి వేసిరి, రాళ్లు వేసిరి, కంప వేసిరి, గండి పూడలేదు. అంతట గంగ ఒకరిని ఆవేశించి, బసిరెడ్డి కోడలు ముసలమ్మను బలియిచ్చినగాని కట్ట నిలువదని పలికినది. పేరు ముసలమ్మయే గాని ఆమె పడుచు. ఇంటివారికి సెలవు చెప్పి ఆమె గండిలోనికి నడిచినది, గండి పూడినది. బ్రౌను దొర చేపట్టిన అనంతపుర చరిత్రములో ఈ గాథ కలదు; ఆ గ్రంథమునకు ఆయన చేసిన ఇంగ్లీషు అనువాదము 1853లో వెలువడినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు మద్రాసు క్రిస్టియను కళాశాలలో చదువుకొను దినములలో, 1899లో, దీనినే 'ముసలమ్మ మరణము' అను కావ్యముగా రచించి ఆధునికాంధ్ర కవిత్వమునకు ఒక త్రోవ చూపిరి. బుక్కరాయసముద్రపు కట్టను నేటికిని ముసలమ్మ కట్ట యనియే పిలుతురు. ఆమెకు గుడి కలదు, మ్రొక్కులు కలవు.

ఆ తల్లి త్యాగమునకు మేమును చేతులెత్తుదుము. కాని ఒక ప్రశ్న అడుగక తప్పదు. కట్ట ఏల తెగెను? వచ్చిన నీరు ఎక్కువ, వెడలు త్రోవ తక్కువ. ఆ త్రోవను మన సీమలో మరువ యందుము, సర్కారు జిల్లాలలో అలుగు, కలుజు అందురు: నిండిన నీరు కట్ట తలమీదుగా పొరలక, ప్రక్కనుండి మర్యాదగా వెడలిపోవుటకు విడిచిన రాతి వాకిలి. మట్టికట్టకు నీరు లోపలనున్నంతవఱకు అంతగా భయము లేదు. తలమీదుగా ఒక జానెడు నీరు పొరలెనా, అది కట్టను కోసికొనిపోవుటకు ఎంతో సేపు పట్టదు. మరువ పొడవు చాలకున్నను, కంపయు పూడికయు దానికి అడ్డుపడినను, ఇంకొక పంటకు నీరు నిలుపవలెనని ఆశపడిన రైతు దానిపై మట్టి వేసి ఎత్తు పెంచినను, ఫల మొక్కటే. కథలో ఈ సంగతి లేదు. గంగ కోపమని యున్నది. తప్పు చేసిన చేయి కథనుండి జాఱిపోయినది, ఏ తప్పు నెఱుగని కోడలు కట్టలోనికి పోయినది.

ఇది మన యూరి తలంపు మాత్రమే కాదు. హోసపేట కడ శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన గొప్ప చెఱువును గుఱించి ఇద్దఱు పోర్చుగీసువారు వ్రాసి పోయిరి. 1520 ప్రాంతమున వచ్చిన పాయెసు, ఆ పనిలో పదునైదు ఇరువది వేలమంది చీమలవలె మూగియుండిరనియు, కట్ట రెండు మూడు మాఱులు తెగగా బ్రాహ్మణుల మాటపై రాజు అఱువదిమంది మనుష్యులను, కొన్ని గుఱ్ఱములను, దున్నలను బలియిప్పించెననియు వ్రాసినాడు. మఱి పదునైదేండ్లకు వ్రాసిన నూనిజు ఇంకొక వింత చెప్పును. రాజు గోవా గవర్నరును అడిగి, జువాం దెల్ల పొంతె అను రాతిపనివానిని రప్పించెనట. ఈ కట్ట నిలుచునది కాదని తలంచియు ఆ పరదేశి సున్నము విస్తారముగా సిద్ధము చేయుడని చెప్పెనట. ఇచటివారు విని నవ్విరట. పగలు వేసిన రాళ్లు రాత్రికి చెదరిపోవుచుండగా మరల బలియే శరణ్యమైనదట. ఈసారి మరణశిక్ష పడిన ఖైదీలు. పరదేశి వ్రాతను అక్షరాల నమ్మవలెనని మేము చెప్పము. ఇచటివారికి సున్నముతో కట్టుటయే తెలియదని నూనిజు వ్రాసిన మాటను హంపి కట్టడములను చూచినవారెవ్వరు ఒప్పుకొనరు. కాని కట్టలు తెగుట తఱచనియు, తెగినప్పుడు రాజు మొదలు రైతు వఱకు బలినే తలంచిరనియు ఈ వ్రాతలవలన స్పష్టము. ఇట్టి తలంపు వ్యాపించియున్న దేశమునందే, పాయెసు రాకకు నూటయేబదియేండ్ల ముందు, దానికి పూర్తిగా వేఱైన తలంపు ఒకటి రాతిపై చెక్కబడినది.

కడప సీమలో పోరుమామిళ్ల యను ఊరు కలదు. అచట భైరవాలయము ఎదుట రెండు రాతిపలకలపై సంస్కృతమున నొక శాసనమున్నది. శక సంవత్సరము 1291, అనగా క్రీస్తుశకము 1369. బుక్కరాయల కుమారుడు, ఉదయగిరినుండి ఏలిన భాస్కర భవదూరుడు అనంతరాజసాగరమను చెఱువు కట్టించి దీనిని వేయించెను. దీనిని పరిష్కరించి ప్రకటించిన పండితుడు విష్ణు సీతారామ సుక్థంకరుడు. తరువాత పూనాలో మహాభారత సంశోధిత ముద్రణమునకు సంపాదకుడై లోకప్రసిద్ధి గాంచినవాడు ఈయనయే. భారతమును పట్టుకొనక ముందు మన చెఱువును పట్టుకొన్నాడని చెప్పుకొనుటకు మాకు ముచ్చటగా నున్నది.

శాసనములలో రాజుల వంశావళియు దానఫలములును ఉండుట మామూలు. ఇందును కలవు. కాని వాని నడుమ, చెఱువు కట్టువాడు సమకూర్చుకొనవలసిన పండ్రెండు అంగములును, తప్పించుకొనవలసిన ఆఱు దోషములును పాఠ్యగ్రంథములోవలె వరుసగా చెప్పబడినవి. ధర్మమును ధనమును కీర్తికాంక్షయు గల ప్రభువు మొదటి యంగము. నీటిశాస్త్రమెఱిగిన బ్రాహ్మణుడు రెండవది. పిమ్మట గట్టి బంకమట్టి నేల, మూడు యోజనముల దూరమునుండి తీపినీటిని తెచ్చు నది, ఆనుకొనుటకు కొండ, ఆ కొండ భాగముల నడుమ బిగువైన రాతికట్టడముతో, మిక్కిలి పొడవు గాక, దృఢముగా నుండు కట్ట, పంటనేల వైపునకు తిరుగని కట్టకొనలు, లోతును వైశాల్యమును గల గర్భము, నిడుపైన తిన్నని రాళ్లు దొరకు గని, సమతలమై ఫలమిచ్చు పొలము, కొండ యునికివలన సుడి తిరిగి పాఱు నీటి త్రోవ, తుదకు, ఈ పని యెఱిగిన పనివారి గుంపు.

దోషము లివి. కట్టనుండి నీరు ఊఱుట. చవుటి నేల. రెండు రాజ్యముల సరిహద్దున నుండుట. చెఱువు నడుమ తాబేటి వీపువలె మిట్ట యుండుట. నీరు కొంచెమై, పాఱవలసిన నేల విస్తారమగుట. నేల కొంచెమై, నీరు విస్తారమగుట.

పాఠకులు ఈ ఆఱింటిని మఱియొకమాఱు చదువవలెనని మా ప్రార్థన. ఒక్కదానిలోను దేవతాకోపము లేదు. బలి యను మాట లేదు. ముసలమ్మ గండికి కారణము ఇంచుమించుగా ఆఱవ దోషములోనే యున్నది. కట్టను కాపాడవలసినది మట్టియా, రాయియా, పనివాని నేర్పా, కోడలి ప్రాణమా యను ప్రశ్నకు 1369లోనే రాతిపై సమాధానము కలదు. ఆ సమాధానము సంస్కృతమున నుండిపోయినది; ముసలమ్మ కథ తెలుగున ఊరూర పాకినది.

ప్రతిదినము 1000 మంది కూలీలు పనిచేసిరనియు, రాళ్లు మోయుటకు 100 బండ్లు నడచెననియు, రెండేండ్లకు పని ముగిసెననియు, కట్ట పొడవు 5000 రేఖాదండములు, వెడల్పు 8, ఎత్తు 7 అనియు లెక్క చెప్పబడినది. కొండల నడుమ నున్న సందులను మాత్రమే మూసి, తక్కిన కట్టగా కొండలనే వాడుకొన్న నేర్పు అచటికి పోయి చూచినవారికి గాని తెలియదు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడములలో దీనిని చేర్చిరి. ఈ శాసనములో మాకు నచ్చనిదియు నొకటి కలదు. రాజవంశపు పేళ్లన్నియు రాతి కెక్కినవి. రెండేండ్లు మట్టి మోసిన వేయిమంది పేళ్లు ఎక్కలేదు. పనివారు పండ్రెండవ అంగమైరి. వరుస తలక్రిందుగా నుండవలసినదని చెప్పువారితో మేము వాదింపము.

మూడవ దోషమును చదివినప్పుడు మాకు నవ్వును దుఃఖమును ఒక్కమాఱే కలిగినవి. మన జిల్లా గొంతు తడుపు తుంగభద్ర సరిగా రెండు రాజ్యముల సరిహద్దుననే యున్నది. ఆనాటి మద్రాసునకును హైదరాబాదునకును 1944లో ఒడంబడిక కుదిరినగాని 1945 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరుగలేదు. రాష్ట్రములు మాఱిన పిమ్మట కర్ణాటకమునకును ఆంధ్రమునకును నడుమ తగవు తీర్చుటకు బోర్డు కావలసివచ్చినది. భవదూరుని శాస్త్రజ్ఞుడు ఉండినచో, నేను ముందే చెప్పితినిగదా యనును.

మూడవ సాక్ష్యము పెనుకొండది. ఆ కొండకోట 2022 వఱకు అనంతపురము జిల్లాలోనిది, ఇపుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. 1388లో రెండవ హరిహరరాయల కుమారుడు, యువరాజు ప్రతాపబుక్కరాయలు, జీవులకు నీరే ప్రాణమని తలంచి, జలసూత్రమున నిపుణుడగు సింగయభట్టును పిలిచి, పెన్నానదిని పెనుకొండకు తెమ్మని ఆజ్ఞాపించెను. సింగయభట్టు కల్లూడి కడ పెన్ననుండి కాలువ తీసి, సిరివెర చెఱువునకు చేర్చి, దానికి ప్రతాపబుక్కరాయమండల కాలువ యని పేరిడి, శాసనము వేయించెను. ఆ శాసనమిపుడు కర్ణాటకమున గౌరీబిదనూరు తాలూకాలో నున్నది.

జలసూత్ర మను పదము మాకు మిక్కిలి ప్రియమైనది. సూత్రమనగా దారము, సూత్రమనగా నియమము. కాలువ పనిలో రెండును ఒకటే. గుట్టలు మిట్టలు గల నేలలో ప్రతి బారకును ఎంత పల్లము విడువవలెనో తెలిసినవానికే కాలువ పాఱును. పల్లము ఎక్కువైనచో నీరు గట్టును కోయును. తక్కువైనచో ఒండ్రు నిలిచి కాలువ పూడును. ఒకచోట తప్పినచో నీరు వెనుకకు చూచును. మట్టము చూచుటకు దూరదర్శిని గల యంత్రములు యూరపులో పుట్టుటకు ఇంచుమించు మున్నూఱేండ్ల ముందు సింగయభట్టు ఈ లెక్క వేసినాడు. అతనిని గుఱించి మనకు తెలిసిన దింతియే. అతని పేరిట మన పట్టణములలో ఒక వీధియైనను ఉన్నట్లు మేము వినలేదు.

కట్టుట ఒక యెత్తు, కట్టినదానిని నిలుపుకొనుట వేఱొక యెత్తు. మన పాత చెఱువులలో కట్టకు లోపల, నీటి నడుమ, రెండు ఎత్తైన నల్లరాతి కంబములు నిలిచియుండుట మీరు చూచియుందురు. దీపస్తంభము లనుకొనువారును కలరు. అవి తూము కంబములు. వాని నడుమ అడ్డముగా రాతిపలకలు, పలకలకు రంధ్రములు; ఆ రంధ్రములగుండ ఒక గుంజ దిగి, అడుగున నున్న రాతితొట్టి మూతిని మూసియుండును. గుంజ నెంత యెత్తిన అంత నీరు తొట్టిలోనికి దిగి, కట్టక్రింది రాతి కాలువగుండ పొలమునకు పోవును. నీరు తన వేగమును తొట్టిలోనే పోగొట్టుకొనును గనుక కట్టను కోయదు. సింహళద్వీపపు పురాతన తటాకములలోను తొట్టితూములు కలవు. ఈ గుంజ యెత్తువాడు నీరుగంటి. చెఱువు నిండియున్న దినములలో ఈదుకొని పోయి ఎత్తవలసినవాడును, ఎవని మడికి ఎంతసేపు నీరు పాఱవలెనో చూడవలసినవాడును అతడే. పంట నూర్చినప్పుడు కళ్లములో అతనికి మేర యుండెను. రాత్రి వాన కురిసినచో ఊరిలో మొదట లేచువాడు నీరుగంటి. మరువకడ చేరిన కంప తీయుట ఎవరి పని యను వాదము ఆ దినములలో లేదు.

చెఱువు కట్టినవానికి, పాడైనదానిని బాగుచేసినవానికి దశబంధ మీనాములు కలవు. ఆయకట్టులో కొంత మాన్యము అతనిది. కట్ట మరమ్మతు అతని బాధ్యత. ఇదిగాక ఏటేట రైతులందఱు ఇంటికొక మనిషి చొప్పున చేయు కుడిమరామత్తు ఉండెను. ఈ యేర్పాటులో అన్యాయము లేదని మేము చెప్పము. మడి లేనివాడును మట్టి మోసిన సందర్భములు ఉండియుండును. కాని చెఱువునకు ఒక యజమాని, ఒక కాపలాదారు, ఒక వార్షిక దినచర్య యుండెను.

1800లో ఈ దత్తమండలములు నిజామునుండి కుంఫిణీకి వచ్చినవి. ఆ పిమ్మట దొరతనమువారి కండ్లకు చెఱువు ప్రధానముగా శిస్తుపద్దుగా కనబడినది. వారిలో గుణగ్రాహులు లేకపోలేదు. గోదావరికి ఆనకట్ట కట్టిన కాటను దొర, ఇసుకలో పునాది వేయు విద్యను కావేరిపై పూర్వులు కట్టిన కల్లణైనుండియే నేర్చుకొంటిమని ఒప్పుకొన్నాడు. అయినను 1876-78 నాటి ధాత కఱవు వచ్చి జనము రాలిపోయినగాని, చెఱువుల నొక క్రమముగా సర్వే చేసి బాగుచేయు పథకము, 1883లో, పుట్టలేదు. ఆ కఱవులో టెంపుల్ దొర నిర్ణయించిన కూలి, మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయును. ఆ కూలికి ఎముకల గూళ్లు రోడ్ల కంకర కొట్టినవి.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట చేసినది లేదనుట అబద్ధము. తుంగభద్ర ఎగువకాలువ వచ్చినది. 2006 ఫిబ్రవరి 2వ తేదీన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము ఈ జిల్లాలోని నార్పల మండలము బండ్లపల్లిలోనే ఆరంభమైనది. పనిని హక్కుగా అడుగుట ఈ కఱవు నేలనుండి మొదలగుట మనకు గౌరవమే. 2012లో కృష్ణాజలము హంద్రీ-నీవా కాలువగుండ శ్రీశైలపు జలాశయమునుండి మెట్టుమెట్టుగా ఎత్తిపోయబడి జీడిపల్లికి చేరినది. సింగయభట్టు పల్లమును నమ్ముకొన్నాడు. నేటి ఇంజనీరు విద్యుత్తును నమ్ముకొనవలసి వచ్చినది. ఇది నిందగాదు, కృష్ణ పల్లమున నున్నది, మనము మిట్టన నున్నాము. కాని అంత వ్యయముతో ఎత్తి తెచ్చిన నీటిని పోసి దాచుకొనుటకు మరల ఆ బుక్కరాయల నాటి చెఱువులవంటివే కావలెను గదా. వానిని పూడనిచ్చి, వంకలను ఇఱుకుచేసి, మఱియొక నదిని ఎత్తుటకు అర్జీలు వ్రాయుట ఏమి వివేకము?

2022 అక్టోబరులో జరిగినది ఎవరును మఱచియుండరు. నీళ్లు లేవని లోకమెల్ల జాలిపడు అనంతపురములో నడిమివంక పొంగి, పల్లపు కాలనీలు నీట మునిగి, జనులు పడవలమీద బయటపడవలసి వచ్చినది. ఎగువ చెఱువులు మరువ పాఱినవి, ఆ నీరు తన పాతత్రోవను వెదకికొనుచు వచ్చినది, త్రోవలో ఇండ్లున్నవి. అచట ఇల్లు కట్టుకొన్న పేదను మేము నిందింపము. పల్లము చౌకయని కొన్నాడు. పల్లమని తెలిసి పటములు గీసి అమ్మినవారును, చూచి ఊరకున్నవారును వేఱుగా నున్నారు. నీరు లేనినాడు వంకను ఖాళీజాగాగా చూచుట మన పట్టణములకు అలవాటైనది. శాసనము చెప్పిన ఆఱవ దోషమును, నేల కొంచెము నీరు విస్తారము అను దానిని, మన చేతులతో మనమే ఊరి నడుమ కట్టుకొంటిమి.

రెండేండ్లు తిరుగకుండ ఇంకొకటి. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినది. ఎగువకాలువను నమ్ముకొన్న మన రైతులు నిండిన జలాశయము కండ్లముందు ఖాళీయగుట చూచిరి. వృద్ధుడగు తెలుగు ఇంజనీరు కన్నయ్యనాయుడుగారు పాఱుచున్న నీటిలోనే అడ్డుపలకలు దింపించి, వారము రోజులలో దానిని మూయించిరి. ఆయనను దేశమెల్ల కొనియాడినది, తగును. అయితే మా దృష్టి ఆ గొలుసుపై నున్నది. ఏడు దశాబ్దులు నీటిలోను ఎండలోను వ్రేలాడిన ఇనుపగొలుసు. గండి పడినప్పుడు మహాపురుషుని వెదకుట, గండి పడకముందు నీరుగంటిని మఱచుట. ముసలమ్మ కాలమునుండి మన తీరు మాఱినదని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు.

స్పెయిను దేశమున వాలెన్షియా యను నగరమున్నది. అచట ప్రతి గురువారము మధ్యాహ్నము పండ్రెండు గంటలకు పెద్దగుడి వాకిట ఎనమండుగురు రైతులు నల్లని అంగీలు తొడిగికొని కూర్చుందురు. ఒక్కొక్కరు ఒక్కొక్క కాలువ రైతులచే ఎన్నుకొనబడినవారు. ఎవడు వంతు తప్పి నీరు మళ్లించెను, ఎవడు కాలువ పూడనిచ్చెను అను తగవులను నోటిమాటతోనే విచారించి అక్కడికక్కడ తీర్పు చెప్పుదురు. వకీలు లేడు, కాగితము లేదు. శతాబ్దులనుండి నడచుచున్న ఈ సభను 2009లో ఐక్యరాజ్యసమితి సాంస్కృతిక సంస్థ మానవజాతి వారసత్వముగా గుర్తించినది. నగరపు నడిబొడ్డున, గుడి వాకిట, అందఱు చూచుచుండగా జరుగుటయే దాని బలము.

మనకు చట్టములు లేవా? 1997లో నీటి వినియోగదారుల సంఘముల చట్టము వచ్చినది. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టము వచ్చినది. చెఱువులు సమాజపు ఉమ్మడి సొత్తని సర్వోన్నత న్యాయస్థానము 2001లోనే తీర్పు చెప్పినది. లేనిది గురువారము. అనంతపురము నగరపాలక సంస్థవారు నెలకొకమాఱు, మూసిన గదిలో గాక ముసలమ్మ కట్టపై, ఆయకట్టు రైతులను పట్టణపు పల్లపు పేటల జనులను కూర్చుండబెట్టుకొని, మరువయెట్లున్నది, వంకయెట్లున్నది, ఏ సర్వే రాయి కదలినది అని విచారించిన నష్టమేమి? చెఱువు గర్భమునకు నిండుమట్టపు రాళ్లు పాతి, ఆ రాళ్ల పటమును ప్రతి పఠనమందిరములో గోడకు తగిలించుటకు ఎంత వ్యయమగును? ఈశాన్యపు వానలకు ముందు, భాద్రపదములోనే, నడిమివంకను ఊరి మొదటినుండి చివరిదాక నడచి చూచి, అడ్డులను వ్రాసి ప్రకటించుట ఏ పై యధికారి యనుమతికి కాచుకొన్నది? అడ్డువచ్చిన పేదయిండ్లవారికి మిట్టనేల చూపక ఇల్లు పడగొట్టుటను మేము సమ్మతింపము; అది ముసలమ్మను మరల కట్టలో త్రోయుట.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లలను ముసలమ్మ కట్టకు తీసికొనిపోవు అలవాటు కొన్ని పాఠశాలలకు కలదని విందుము. ఈసారి పోయినప్పుడు ముందు మరువను చూపుడు. అది ఎన్ని బారల పొడవో పిల్లలచేత కొలిపింపుడు. తూము కంబములు నిలిచియున్నచోట, గుంజ ఎట్లు లేచునో చెప్పుడు. పోరుమామిళ్ల శాసనములోని ఆఱు దోషములను తెలుగున పలకపై వ్రాసికొనిపోయి, వానిలో ఎన్ని ఈ చెఱువునకు పట్టినవో పిల్లలనే వెదకుమనుడు. గుడికి పిమ్మట పోవచ్చును.